గూడ్సు వెళ్ళేదాకా ఆగిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ఎప్పుడు మాట్లాడాలో రైళ్ళే చెప్పేవి. కంచరపాలెంలో పట్టాలని ఆనుకుని ఉన్న వరసిళ్ళలో మాదొకటి. పెరటి గోడకీ పట్టాలకీ మధ్య ఒక మనిషి నడిచేంత దారి, దాని పక్కన మురుక్కాలవ. ఇనప రాయి నింపుకుని పోర్టుకి పోయే గూడ్సు బళ్ళన్నీ అటే పోయేవి. బండి వస్తే అలమరలో గిన్నెలు గలగలమనేవి, ఆరేసిన బట్టల మీద ఎర్ర దుమ్ము పడేది, మనిషి మాట మనిషికి వినబడేది కాదు.

అందుకని మా వీధిలో ఒక అలవాటు ఉండేది. మాట్లాడుతున్నవాళ్ళు ఎవరైనా సరే, బండి దగ్గరకొచ్చేసరికి అరచెయ్యి పైకెత్తి నోరు మూసుకునేవారు. ఎదుటివాళ్ళు కూడా చెయ్యెత్తి, ఆగాను అన్నట్టు నిలబడేవారు. బండి వెళ్ళాక ఇద్దరూ చేతులు దించి, ఏ మాట దగ్గర తెగిందో అక్కడే అందుకునేవారు. చేపల బేరాలూ, మొగుడూ పెళ్ళాల తగువులూ అన్నీ ఇలాగే నడిచేవి. ఇద్దరు ఆడవాళ్ళు చేతులెత్తి, ఒకరినొకరు కొరకొరా చూసుకుంటూ, గూడ్సు వెళ్ళేదాకా ఓపిగ్గా ఉండి, ఆఖరి పెట్టె దాటగానే ఆగిన తిట్టుని అందుకోవడం నేను చాలాసార్లు చూశాను. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు ఇది చూసి నవ్వేవారు. కొన్నాళ్ళు పోయాక వాళ్ళూ చెయ్యెత్తేవారు.

నాకు పదేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఒకరోజు పొద్దున్న నాన్న డ్యూటీకి వెళ్ళాక, నేను బడికి వెళ్ళాక, వీధి కుళాయి దగ్గర పడిపోయిందట. ఆస్పత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. నాన్న పోర్టులో ఓడలకి సరుకెక్కించే కలాసీ. అంతకుముందు నవ్వుతూ, ఎవరో ఒకర్ని ఆటపట్టిస్తూ ఉండే మనిషి. అమ్మ పోయాక ఆయన నోట్లోంచి తిన్నావా, పడుకో, తలుపేసుకో అనే మూడు మాటలు తప్ప నాలుగోది రావడం గగనమైపోయింది. మా ఇంట్లో గూడ్సు వచ్చినా చెయ్యెత్తే పని లేకుండా పోయింది.

ఇంకొకటి కూడా జరిగేది. నాన్న రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకరోజు సపోటాలు, ఒకరోజు దారపు ఉండ, ఇంకోరోజు కుంకుడు కాయలు, మరోరోజు స్టవ్వు వత్తులు. ఇంట్లో స్టవ్వుకి వత్తులు బాగానే ఉన్నాయి. మల్లెపూలు కూడా తెచ్చేవాడు. పెట్టుకోమని నాతో అనేవాడు కాదు. తెచ్చినదాన్ని వంటింటి కిటికీ గట్టు మీద పెట్టి, కాసేపు అక్కడే నిలబడి, వెళ్ళి కాళ్ళు కడుక్కునేవాడు. పూలు అక్కడే వాడిపోయేవి. దుఃఖంలో మనిషికి మతిమరుపు వచ్చిందని వీధిలో అనుకునేవారు. నేనూ అదే అనుకున్నాను.

బడి నుంచి వచ్చి, లంగా బొందుకి కట్టుకున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళితే నాకు గుండె బరువెక్కేది. ఒంటరితనం అనే మాట అప్పటికి నాకు తెలియదు. ఇల్లు పెద్దదైపోయినట్టు మాత్రం ఉండేది, ఉన్నదంతా ఒక గదీ ఒక వంటిల్లే అయినా. అప్పుడు నాకొక పిచ్చి అలవాటు పట్టుకుంది. గూడ్సు వస్తే ఊరంతా మాట ఆపేది కదా, నేను మొదలెట్టేదాన్ని. వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని, ఆ చప్పుడులో, అమ్మతో గట్టిగా మాట్లాడేదాన్ని. బళ్ళో ఎవరేమన్నారో, అన్నం ఎందుకు మాడిందో, నాన్న ఏం తెచ్చాడో అన్నీ చెప్పేదాన్ని. ఎవరికీ వినబడదని ధైర్యం. బండి వెళ్ళిపోయేసరికి నేనూ ఆపేసేదాన్ని.

వినబడకపోయినా కనబడుతుందని నాకు తట్టలేదు. మా పక్కింట్లో ఒక మామ్మ ఒంటరిగా ఉండేది. మిషను బళ్ళో పంతులమ్మగా చేసి మానేసిన మనిషి. కళ్ళద్దాల వెనక కళ్ళు పెద్దవిగా కనబడేవి, తెల్లచీర ఎర్ర దుమ్ముకి ఎప్పుడూ లేత ఇటుకరంగులో ఉండేది. వాళ్ళ పెరట్లోంచి చూస్తే మా వంటింటి కిటికీ కనబడుతుంది. ఒకరోజు బండి వెళ్ళిపోయాక గోడ మీంచి, “ఏటే గుంటా, బండి ఎళ్ళిపోయాక కూడా మాటాడొచ్చు, పోలీసులేటీ పట్టుకోరు,” అంది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎవరితో మాట్లాడుతున్నానని మాత్రం ఆవిడ అడగలేదు. సాయంత్రం ఇటు రా, నాకు తోడుగా కూకో అని మాత్రం అంది.

అలా వెళ్ళినప్పుడు చూశాను, ఆవిడ రోజూ చేసే పని. సాయంత్రం దీపం పెట్టే వేళకి మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు విడిచి, గోడకి ఎదురుగా నిటారుగా నిలబడి బైబిలు చదివేది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాళ్ళు ఎలా చదువుతారో అలా, వెనక బెంచీ దాకా వినబడేట్టు. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు. అదే భాగాన్ని వారమంతా చదివేది. చూపు మందగించిందని చర్చిలో ఆవిడ చేత చదివించడం ఎప్పుడో మానేశారని తర్వాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది. నాకు ఊరుకోబుద్ధి కాక, పిలవకపోతే ఎందుకు మామ్మా చదవడం అని అడిగేశాను. పిల్లలకి అలాంటి ప్రశ్నలే తొందరగా వస్తాయి. ఆవిడ నొచ్చుకోలేదు. “ఏ ఆదివారమో సదివే ఆవిడికి జొరమొస్తాది. మామ్మా నువ్వు సదువు అంతారు. ఆ రోజున నాను తడుముకుంటే బాగుంతాదా?” అంది. అంది గాని, ఆ తర్వాత కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

ఆ ఏడాదే మా బడికి కబురొచ్చింది, వన్ టౌనులో ఒక హాల్లో బళ్ళన్నిటికీ కలిపి ఉపన్యాసం పోటీ అని. విషయం, మా ఊరి రేవు. పోర్టులో పనిచేసేవాళ్ళ పిల్ల కదా అని మా టీచరు నా పేరు ఇచ్చేశారు. క్లాసులో నేను నోరు విప్పడం ఆవిడ ఎప్పుడూ చూసి ఉండరు, ఎందుకిచ్చారో దేవుడికి తెలియాలి. ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. శనివారం మధ్యాహ్నం, పెద్దవాళ్ళు కూడా రావచ్చట అన్నాను. ఆయన అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. వస్తాననలేదు, రాననలేదు. ఆ రాత్రి నేను చాలా ఏడ్చాను. ప్రైజు మీద నాకు ఆశ లేదు. నా గొంతు ఒకటుందని నాన్నకి తెలియాలి, అంతే. ఒకే ఇంట్లో ఉంటూ ఆయన నన్ను విని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు.

ఉపన్యాసాన్ని నేనూ మామ్మా కలిసి కూర్చుకున్నాం. నాన్న చేతుల గురించి నేను చెప్పింది ఆవిడ అందులో పెట్టింది. ఇక అప్పజెప్పడం మొదలైంది. అప్పుడు తెలిసింది మామ్మ ఎంత మొండి మనిషో. ఇంటి పనులన్నీ అయ్యాకే రమ్మనేది. రాగానే మొహం కడుక్కోమనేది. ఎవరూ లేరని వంకరగా నిలబడితే ఒప్పుకునేది కాదు. “ఇక్కడెలా నిలబడితే అక్కడా అలాగే నిలబడతావు. అక్కడికెళ్ళి కొత్త కాళ్ళు రావు,” అనేది. మనసు బాగోలేదు, ఈ రోజు వద్దు మామ్మా అంటే, బాగోలేదని చెప్పి మరీ మొదలెట్టు అనేది. అలా చెప్పి మొదలెట్టిన రోజులు చాలానే ఉన్నాయి.

గూడ్సు మాత్రం మా ఉపన్యాసాన్ని ఎక్కడ పడితే అక్కడ కోసేసేది. నేను చెయ్యెత్తి ఆగేదాన్ని, ఆవిడ కుర్చీలో కూర్చుని చెయ్యెత్తేది. బండి వెళ్ళాక నేను మళ్ళీ ‘సభకు నమస్కారం’ అంటూ మొదటినుంచి అందుకునేదాన్ని. రెండు మూడు రోజులు చూసి ఆవిడ కోప్పడింది. “మొదలు నీకు నిద్దట్లో కూడా వచ్చు. ఎన్నిసార్లు సెప్తావు? తెగిన కాడ్నించి అందుకో,” అంది. నాకు చేతకాలేదు. మాట మధ్యలోంచి మొదలెట్టాలంటే చీకటి గదిలో అడుగేసినట్టుండేది. వెనక్కి వెళ్ళి మొదటినుంచి పరిగెత్తుకొస్తే హాయి. అందుకే నా ఉపన్యాసానికి మొదలు నున్నగా ఉండేది, చివర కుంటేది. మామ్మ అది నాకు చెప్పలేదు, చివరిభాగం మాత్రమే అప్పజెప్పించి నా చెవులకే వినిపించింది.

అప్పుడావిడ నేర్పిన కిటుకు ఇది. బండి రాగానే మాటని మింగెయ్యకు అంది. ఆగిన మాట తర్వాత వచ్చే మాటని నాలిక మీద పెట్టుకుని నిలబడు. బండి ఎంత పొడుగైనా కంగారు పడకు, పెట్టెలు లెక్కపెట్టకు, ఆ ఒక్క మాటని చూసుకో. బండి వెళ్ళాక దాన్ని వదులు. కొన్నాళ్ళకి నాకు పట్టుబడింది. ఆశ్చర్యమేమిటంటే, అంతకుముందు తిట్టుకునే గూడ్సు కోసం నేను ఎదురుచూడటం మొదలెట్టాను. అది కోసినప్పుడల్లా నాకొక కొత్త చోటునుంచి మొదలెట్టడం వచ్చేది. వంటింటి కిటికీ దగ్గర అమ్మతో మాట్లాడటం కూడా ఎప్పుడు తగ్గిందో నాకు తెలియలేదు. ఒకరోజు అది గుర్తొచ్చి, అమ్మకి అన్యాయం చేశానేమోనని బెంగపడ్డాను.

శనివారం వచ్చింది. పొద్దున్న నాన్న మామూలుగానే డ్యూటీకి వెళ్ళిపోయాడు. మామ్మకి అంత దూరం నడక లేదు, గుమ్మంలో నిలబడి నా జడ రిబ్బన్లు సరిచేసి పంపింది. మా టీచరుతో బస్సెక్కి వన్ టౌను వెళ్ళాను. ఇరుకు సందులు, గోదాముల ముందు బస్తాల బళ్ళు, వాటి మధ్య ఆ పాత హాలు. కిటికీలోంచి ఓడల క్రేన్లు కనబడుతున్నాయి. పిల్లలందరి పక్కనా ఎవరో ఒకరున్నారు. ఒకమ్మాయికి వాళ్ళమ్మ సీసాలోంచి నీళ్ళు తాగిస్తోంది. నేను తలుపు వైపు చూసీ చూసీ మెడ నొప్పెట్టాక మానేశాను.

నా పేరు పిలిచారు. వెళ్ళి మామ్మ గోడ ముందు నిలబడ్డట్టే నిలబడ్డాను. గొంతు బాగానే పలికింది. రేవు గురించి, ఎర్ర దుమ్ము గురించి, రేపో మాపో వస్తుందంటున్న స్టీలు ప్లాంటు గురించి చెప్పి, చివరిభాగానికి వచ్చాను. “ఓడ ఎంత దూరం వెళ్ళినా, దాన్ని నింపి పంపిన...” అన్నాను. అదే సమయానికి రేవులో ఏదో ఓడ హారను కొట్టింది. హాలు అద్దాలు అదిరాయి.

బుద్ధి ఉన్న పిల్లెవరైనా గొంతు పెంచి కానిచ్చేస్తుంది. నేను కంచరపాలెం పిల్లని. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది, నోరు మూతపడింది. ముందు వరస పిల్లలు కిసుక్కుమన్నారు. మర్చిపోయింది మర్చిపోయింది అని ఎవరో అనడం కనబడింది. న్యాయనిర్ణేత ఒకాయన నా వైపు జాలిగా చూశారు. హారను ఆగుతుందనుకుంటే మళ్ళీ కొట్టింది. మా టీచరు నుదురు పట్టుకున్నారు. నాకు పారిపోవాలనిపించింది, లేదా సభకు నమస్కారం అని మళ్ళీ మొదలెట్టాలనిపించింది.

అప్పుడు హాలు చివర, తలుపు దగ్గర, ఇంకొక చెయ్యి కనబడింది. డ్యూటీ బట్టలతో, తలనిండా ఎర్ర దుమ్ముతో, నాన్న నిలబడి ఉన్నాడు. అరచెయ్యి పైకెత్తి ఉంచాడు. అమ్మ పోయాక ఆయన చెయ్యెత్తడం నేను చూడలేదు. చుట్టూ జనం ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు, ఆయన మాత్రం నన్నే చూస్తున్నాడు. హారను ఆగింది. నాన్న చెయ్యి దించాడు. నేను దించాను. నాలిక మీద ఉన్న మాట అక్కడే ఉంది.

“...చేతులు ఈ ఒడ్డునే ఉంటాయి,” అన్నాను. మిగతాది కూడా తడబడకుండా చెప్పి దిగాను.

ప్రైజు వేరే బడి అబ్బాయికి వచ్చింది. నేను ఎక్కువ సమయం తీసుకున్నానట. హారనుకి ఆగిపోతారా ఎవరైనా అని టీచరు కేకలేసి, నన్ను నాన్నకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. నేనూ నాన్నా బస్సెక్కాం. దిగి నడిచి వస్తుంటే మా రైలు గేటు వేసి ఉంది. సాయంత్రపు వేళ, సైకిళ్ళూ రిక్షాలూ గేటు ముందు ఆగాయి. ఓ పక్కగా నిలబడ్డాం. నాన్న పట్టాల వైపు చూస్తూ ఉన్నట్టుండి మాట్లాడాడు.

“మీ అమ్మ ఆ రోజు పొద్దున్న... నాను సెప్పులేసుకుంతన్నాను. గుమ్మంలోకొచ్చి, ‘సాయంత్రం వచ్చినప్పుడు’ అన్నాది. అంతే, గూడ్సొచ్చీసింది. సెయ్యెత్తింది. నాను ఆగాల కదమ్మీ. లేటయిపోతన్నాదని...”

గూడ్సు వచ్చింది. ఆయన చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను. ఎర్ర రాయి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఆయన కళ్ళు నిండిపోవడం నాకు కనబడుతోంది. అంత పొడుగు బండిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆఖరి పెట్టె దాటింది.

“...ఆగలేదు,” అన్నాడు నాన్న, చెయ్యి దించి. “సాయంత్రం అడుగుదాం లెమ్మని ఎలిపోనాను. ఏటి తెమ్మందామనుకున్నాదో మరి.”

కిటికీ గట్టు మీది సపోటాలు, దారపు ఉండ, కుంకుడు కాయలు, వాడిపోయిన మల్లెపూలు అన్నీ ఒక్కసారి నా కళ్ళముందుకి వచ్చాయి. ఇన్నాళ్ళుగా ఆయన రోజుకొకటి తెచ్చి, ఇదేనా, ఇదేనా అని అమ్మని అడుగుతున్నాడన్నమాట. మతిమరుపు మాట నేనూ నమ్మినందుకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తెలియలేదు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, మామ్మ నేర్పింది. అమ్మ మాట ఎక్కడ తెగిందో నాకిప్పుడు తెలుసు. అక్కడ్నించి అందుకున్నాను.

“బేగి వచ్చీ, అనుంటాది నాన్నా. తెమ్మని కాదు, తొరగా రమ్మని. సాయంత్రం వచ్చినప్పుడు బేగి వచ్చీ అని.”

నాన్న నా వైపు తిరిగాడు. తర్వాత అందరి మధ్యా, సైకిళ్ళ బెల్లుల మధ్యా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గేటు లేపినా మేమిద్దరం కదల్లేదు. అమ్మ నిజంగా ఏం చెప్పబోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు. స్టవ్వు వత్తులే అయి ఉండొచ్చు.

ఇంటికొచ్చేసరికి మామ్మ గుమ్మంలోనే ఉంది. ప్రైజొచ్చిందా అని అడగలేదు. “తెగిందా? ఎక్కడ అందుకున్నావు?” అని అడిగింది. చెప్పాను. తల ఊపి, సాయంత్రమైందని మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. కాసేపటికి గోడ అవతల ఆవిడ గొంతు వినబడింది, ఖాళీ కుర్చీకి చదువుతూ. నాన్న నా పక్కన కూర్చుని విన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆయన ఏమీ తేలేదు. డ్యూటీ దిగగానే ఇంటికి వచ్చేసేవాడు. మాటలు ఒక్కరోజులో రాలేదు గాని, గూడ్సు వచ్చినప్పుడు మా ఇంట్లో మళ్ళీ చేతులు లేచేవి.

నేను పెద్దయ్యాక స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో ఒక డ్రాయింగు ఆఫీసులో ట్రేసరుగా చేరాను. పల్చటి కాగితం మీద ఇంకుతో గీతలు గీసే పని. చెయ్యి ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ పెన్ను ఆనించి గీత అందుకోవాలి, అతుకు కనబడకూడదు. నా గీతలో అతుకు కనబడదని ఆఫీసులో పేరొచ్చింది. అందరూ చేతి మహిమ అనుకునేవారు. ఎవరైనా పిలిచినా, కరెంటు పోయినా, నేను విసుక్కోకుండా, తర్వాత గీయాల్సిన గీతని కళ్ళలో పెట్టుకుని కూర్చునేదాన్ని, అంతే. జీవితంలో అంతకంటే పెద్దవి చాలా తెగాయి. మా ఆయన చనిపోయిన ఏడాది నేను దేన్నీ మొదటినుంచి మొదలెట్టడానికి ప్రయత్నించలేదు. ఏ పని సగంలో ఆగిందో వెతుక్కుని, మొహం కడుక్కుని, బాగోలేదని చెప్పుకుని మరీ మొదలెట్టాను.

ఇప్పుడు గాజువాకలో మూడో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇక్కడ రైళ్ళు వినబడవు. అయినా నేను బయల్దేరుతున్నప్పుడు ఎవరైనా గుమ్మంలోకి వచ్చి ఏదో చెప్పబోతే, చెప్పులేసుకున్న కాళ్ళతో అక్కడే నిలబడిపోతాను. వాళ్ళు మాట పూర్తి చేసేదాకా కదలను. అందుకని బస్సు వెళ్ళిపోయిన రోజులు చాలా ఉన్నాయి.